బత్తాయి రైతుల గ్రూపుకు సొంత యాప్ కావాలా, వాట్సాప్ చాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నల్గొండ జిల్లా కనగల్ చుట్టుపక్కల బత్తాయి రైతుల కోసం వాట్సాప్‌లో గ్రూపు పెట్టావు. అది నిండితే రెండోది, అదీ నిండితే మూడోది. ఇప్పుడు మూడింట్లో కలిపి రెండు వేల పైచిలుకు మంది. ఒక గ్రూపులో వచ్చిన జవాబు ఇంకో గ్రూపుకు తెలియదు. పొద్దున లేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మలు తుడవడంతోనే సరిపోతోంది. హైదరాబాద్‌లో ఒకాయన లక్షా ఎనభై వేలకు సొంత యాప్ చేసిస్తానన్నాడు. టెలిగ్రామ్‌కు మారాలా, ఫేస్‌బుక్ గ్రూపు పెట్టాలా, యాపే చేయించాలా అని అడిగావు.

యాప్ చేయించకు. మిగతాది నింపాదిగా చెప్తా.

మాది గుర్రంపోడు వైపు, తొమ్మిదెకరాల తోట. హైదరాబాద్‌లో పదకొండేళ్ళు కంప్యూటర్ సపోర్ట్ ఉద్యోగం చేసి ఊరికొచ్చినవాణ్ణి. 2016 నుంచి బత్తాయి రైతుల గ్రూపు నడుపుతున్నా. అప్పుడు వాట్సాప్ గ్రూపులో 256 మందికే చోటు. ఎవరో ఒకరు వెళ్ళిపోతే తప్ప కొత్తవాణ్ణి చేర్చలేని రోజులు. 2022లో అది 512 అయింది, ఆ ఏడాది చివరికి 1,024 అయింది. నువ్వు చేసిన తప్పులన్నీ నేనూ చేశా, నువ్వు ఇంకా చేయనివి కూడా నాలుగు చేశా.

అందులో పెద్దది 2019 ఏప్రిల్‌లో జరిగింది. నల్లి (కంటికి ఆనని చిన్న పురుగు) వల్ల కాయలకు మంగు (తోలు మీద మచ్చ) వస్తోందని ఒక రైతు ఫొటో పెట్టాడు. పావుగంటలో ఆరు జవాబులు. అందులో ఒకటి, నీళ్ళలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టమని. డోసు సరైందే. చెప్పినాయన కూడా అనుభవమున్నవాడే. ఎండపూట కొట్టొద్దని రాయడం ఒక్కటే మరిచాడు. గంటన్నర తర్వాత గుర్తొచ్చి, ‘సాయంత్రం చల్లబడ్డాకే కొట్టు, ఎండలో కొడితే ఆకు మాడుతుంది’ అని ఇంకో మెసేజ్ పెట్టాడు. ఈ రెంటి నడుమ గ్రూపులో ఎవరిదో పెళ్ళిరోజు వచ్చిపడింది. శుభాకాంక్షలు, దండాల బొమ్మలు, కేకులు, గులాబీలు, నూట నలభై దాకా లెక్కపెట్టా తర్వాత. రెండో మెసేజ్ వాటి కింద కూరుకుపోయింది.

మొదటిది చూసిన రైతు మర్నాడు మిట్టమధ్యాహ్నం నాలుగెకరాలకు మందు కొట్టాడు. మూడో రోజు నన్ను తోటకు రమ్మన్నాడు. ఎండ పడే వైపు ఆకులు ఇస్త్రీపెట్టె ఆనించినట్టు అంచులు మాడి, దోసిళ్ళలా ముడుచుకుని ఉన్నాయి. చెట్ల కింద గోలీలంత పిందెలు రాలి, నడుస్తుంటే చెప్పుల కింద పటపటమంటున్నాయి. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ‘మన గ్రూపులోనే చెప్పిన్రు గదా’ అన్నాడంతే.

ఆ మొదటి మెసేజ్‌ను తీసేద్దామంటే అప్పట్లో అడ్మిన్‌కు ఇంకొకరి మెసేజ్ తీసే వీలే లేదు. అది 2022లో వచ్చింది. తీసినా లాభం ఉండేది కాదు, అప్పటికే నాలుగైదు గ్రూపులకు పాకింది. మరుసటి వేసవిలో మా బావమరిది ఫోన్‌లో అదే మెసేజ్ చూశా. మన గ్రూపు పేరు పోయింది, పైన ‘శాస్త్రవేత్తల సూచన’ అని తలకట్టు వచ్చింది.

అప్పటినుంచి నేను ఏ సాధనాన్ని చూసినా ముందు ఒక్కటే అడుగుతున్నా: తప్పు చెప్తే దిద్దుకునే దారి ఇందులో ఉందా? వెనకట మన ఊళ్ళలో కచ్చీరు (ఊరి చావడి) కాడ కూర్చుని మాట్లాడింది అక్కడే గాలికి పోయేది, పట్వారీ దస్త్రంలో ఎక్కింది నిలిచేది. ఊరికి రెండూ కావాలి. వాట్సాప్ కచ్చీరు. మూడేళ్ళు దాన్ని దస్త్రంలా వాడబోయాం, అక్కడ దెబ్బతిన్నాం. నీ మూడు గ్రూపుల గోస కూడా అదే. కచ్చీరు మార్చడం గురించి అడుగుతున్నావు గానీ, నీకు లేనిది దస్త్రం.

కచ్చీరు సంగతి ముందు తేల్చేద్దాం. జనం ఇప్పటికే కూర్చున్న చోటే ఉండనివ్వు. 2021 జనవరిలో వాట్సాప్ ప్రైవసీ నిబంధనలు మారుతున్నాయని గోల లేచినప్పుడు మేం టెలిగ్రామ్‌కు మారాం. సాధనంగా చూస్తే టెలిగ్రామ్‌కు వంక పెట్టలేం. ఒక్క గ్రూపులో 2 లక్షల మంది పడతారు, కొత్తగా చేరినవాడికి పాత మెసేజ్‌లూ కనబడతాయి, ఫోన్ నంబరు దాచుకోవచ్చు. ఇప్పుడైతే గ్రూపులోనే విషయాలవారీగా అరలు కూడా చేసుకోవచ్చు. మా దగ్గర 600 మందిలో 170 మంది వచ్చారు. నెల తిరిగేసరికి అందులో మాట్లాడేవాళ్ళం ఐదుగురం మిగిలాం, ఆ ఐదుగురమూ అడ్మిన్లమే. రైతు పొద్దున తోటకు పోతూ ఒక్క యాప్ తెరుస్తాడు. కూతురి మెసేజ్, బ్యాంకు వాడి మెసేజ్, గ్రూపు మెసేజ్ అన్నీ అందులోనే ఉండాలి. మొన్న 2025లో అరట్టై అనే చాట్ యాప్ మీద ఊపు వచ్చినప్పుడు మా వాళ్ళు మళ్ళీ అడిగారు. ‘మీరు ఒక నెల ఉండి రాండి, తర్వాత చూద్దాం’ అన్నా. ఇంకా ఎవరూ గుర్తుచేయలేదు.

ఫేస్‌బుక్ గ్రూపు బయటివాళ్ళకోసం పనికొస్తుంది. తోట కొన్న హైదరాబాద్ ఉద్యోగులు, నర్సరీలవాళ్ళు, అమెరికాలో ఉండి ఊళ్ళో తండ్రి తోట గురించి దిగులుపడే కొడుకులు అక్కడ దొరుకుతారు. చేరేటప్పుడే మూడు ప్రశ్నలు అడిగే ఏర్పాటుంది, దాంతో అప్పుల యాప్‌ల మోసగాళ్ళు చాలామంది గడప దగ్గరే ఆగిపోతారు. కానీ ఏ పోస్టు ఎవరికి ఎప్పుడు చూపాలో ఫేస్‌బుక్కే తేలుస్తుంది. ‘రేపు పొద్దున కాలువకు నీళ్ళొదులుతున్నారు’ అన్న కబురు మా వాళ్ళలో కొందరికి నాలుగో రోజు కనబడింది. తొందర లేని విషయాలకు సరే.

డిస్కోర్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, సర్వర్ అద్దెకు తీసుకుని మనమే పెట్టుకోవచ్చు. ప్రశ్న కింద జవాబులు వరసగా, వెతుక్కునేలా, దిద్దుకునేలా ఉంటాయి. కాగితం మీద చూస్తే మనకు కావలసింది అదే. నేనే పెట్టి చూశా, ఎందుకంటే ఆ పని నాకొచ్చు, ఒక ఆదివారం పట్టింది. ఫెయిలైంది ఎక్కడో తెలుసా? లోపలికి రావడానికి ఈమెయిల్ అడుగుతుంది. మన రైతులందరికీ జీమెయిల్ ఉంది, ఫోన్ కొన్నప్పుడు షాపు పిల్లాడు పెట్టిచ్చాడు. పాస్‌వర్డ్ ఆ పిల్లాడికే ఎరుక. నలభై మందిని ఫోన్‌లో పట్టుకుని కూర్చోబెట్టి లోపలికి తేగలిగా, రెండో వారానికి అందరూ బయటికి పడిపోయారు. చదువుకున్న కుర్రాళ్ళ బృందమైతే, పోటీ పరీక్షలవాళ్ళో, కాలేజీవాళ్ళో అయితే, నేను ఇప్పటికీ దాన్నే పెట్టుకోమంటా. అలాంటివాళ్ళకు డిస్కార్డ్ అనే చాట్ యాప్ కూడా నడుస్తుంది. మనకు నడవదు.

యాప్ విషయం. ప్లే స్టోర్‌లో ఖాతాకు ఒక్కసారి కట్టేది 25 డాలర్లు, అది ఖర్చే కాదు. చేసిచ్చే ఆయన అడిగే లక్షా ఎనభై వేలు కూడా అసలు ఖర్చు కాదు. ఏటా ఆండ్రాయిడ్ కొత్తది వస్తుంది, దానికి తగ్గట్టు యాప్‌ను మార్చకపోతే గూగుల్ కొత్త ఫోన్లవాళ్ళకు దాన్ని చూపడం మానేస్తుంది. సర్వర్ అద్దె నెలనెలా. ఓటీపీ పంపే ప్రతి ఎస్సెమ్మెస్‌కూ డబ్బులే. రెండో ఏడాది ఆయన ఫోన్ ఎత్తడు, వేరేవాడు ‘ఇదంతా మళ్ళీ రాయాలి’ అంటాడు. ఇంతాచేసి మన వాళ్ళ ఫోన్లలో చోటుండదు. స్టోరేజ్ నిండిందంటే మొదట తీసేసేది నీ యాపే, మనవరాలి వీడియో తీసేస్తారా?

కాబట్టి వాట్సాప్‌లోనే ఉండు, కానీ మూడు గ్రూపులుగా కాదు, కమ్యూనిటీగా కలుపు. 2022 నవంబర్‌లో వచ్చింది ఈ ఏర్పాటు. పైన అందరికీ కలిపి ప్రకటనల గ్రూపు, అందులో ప్రకటనలు అడ్మిన్లే పెట్టగలరు. కింద చిన్న గ్రూపులు. మేం నాలుగు పెట్టుకున్నాం: తెగుళ్ళు, రేట్లు, నీళ్ళు-డ్రిప్పు, ముచ్చట్లు. ముచ్చట్ల గ్రూపును తక్కువ చేయకు. గుడ్ మార్నింగ్‌లు, పెళ్ళిరోజులు, యాదగిరిగుట్ట ఫొటోలు, అన్నీ అందులోకి. ‘ఇక్కడ పెట్టొద్దు’ అంటే పెద్దమనిషి నొచ్చుకుంటాడు, ‘అక్కడ పెట్టండి కాకా, అందరూ చూస్తరు’ అంటే సంతోషంగా పోతాడు. నాలుగుకు మించి పెట్టొద్దు, ఐదోది పెడితే ఏది ఎక్కడ రాయాలో మాకే తెలియలేదు. వాట్సాప్ ఛానెల్ కూడా ఉంది గానీ అది ఒకవైపు డప్పు. ప్రశ్న అడిగే వీలుండదు.

రేట్ల గ్రూపులో ఒక్కటే కట్టుబాటు. ‘టన్ను ఇంత పలుకుతోందట’ అన్న మాట పెట్టకూడదు. అమ్మిన తక్‌పట్టీ (మార్కెట్లో ఇచ్చే అమ్మకం చీటీ) ఫొటో, పేరూ నంబరూ వేలితో కప్పి, పెట్టాలి. తోటలోనే అమ్మితే కాంటా చీటీ పెట్టాలి, తరుగు ఎంత తీశారో కూడా రాయాలి. ఇది పెట్టకముందు కాయ కోతకొచ్చే రోజుల్లో రేటు పడిపోయిందని కొత్త నంబర్ల నుంచి పుకార్లు వచ్చేవి, భయపడి తెగనమ్ముకున్నవాళ్ళు ఉన్నారు. చీటీ అడగడం మొదలుపెట్టిన వారంలో ఆ నంబర్లు మాయమయ్యాయి.

తెగుళ్ళ గ్రూపులో ప్రశ్నకు మూడు ఫొటోలు: ఆకు అడుగు భాగం, మొత్తం చెట్టు, మొదలు. బంక కారుతోందా లేదా మొదలు చూస్తేనే తెలుస్తుంది, పసుపురంగుకు తిరిగిన ఆకొక్కటే చూపిస్తే అది జింకు లోపమో, వేరుకుళ్ళో ఎవరూ చెప్పలేరు. చెట్టు వయసు, చివరగా కొట్టిన మందు రాయాలి. వాయిస్ మెసేజ్ నిమిషం దాటొద్దు.

ఇక దస్త్రం. దీని మీదే నీ డబ్బు కాదు, నీ టైమ్ పెట్టు. మాది ఒక మామూలు గూగుల్ షీట్. వరసకు ఒక జవాబు, ప్రతిదానికీ నంబరు. సమస్య, ఫొటో లింకు, ఏం చేయాలి, ఎప్పుడు చేయకూడదు, ఎవరు చెప్పారు, ఎవరు సరిచూశారు, ఏ నెలలో. ‘ఎప్పుడు చేయకూడదు’ అన్న గడి ఎందుకొచ్చిందో నీకిప్పుడు తెలుసు. అందరూ చూడొచ్చు, దిద్దడం ముగ్గురికే. నెలకోసారి కొత్త వరసలు ప్రింటు తీసి కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రానికో, కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానానికో పట్టుకుపోతాం. అక్కడివాళ్ళు పెన్నుతో కొట్టేసినవి కొట్టేస్తాం.

గ్రూపులో ఎవరైనా మళ్ళీ మంగు గురించి అడిగితే జవాబు టైప్ చేయం. ‘14వది చూడు అన్నా’ అని లింకు ఇస్తాం. కిటుకంతా ఇక్కడే ఉంది. అక్షరాలు కాపీ చేసి పంపితే తప్పూ ఒప్పూ కలిసి ఊళ్ళు తిరుగుతాయి, మన చేతిలో ఏమీ ఉండదు. లింకు పంపితే, అది ఎన్ని గ్రూపులు తిరిగినా, నేను ఇక్కడ దిద్దింది అక్కడా దిద్దినట్టే కనబడుతుంది. స్క్రీన్‌షాట్ తీసేవాళ్ళు ఉంటారు. అందుకే ప్రతి వరసలో నెలా, ఏడాదీ.

షీట్ చదవనివాళ్ళే ఎక్కువ అంటావు, నిజమే. ఎక్కువసార్లు అడిగిన పదిహేను జవాబులను మూడేసి నిమిషాల వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాం. తెలుగులో టైప్ చేసి వెతికేవాళ్ళు మనలో తక్కువ. ఒకడు బత్తాయి అని తెలుగులో రాస్తాడు, ఒకడు ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తాడు, వాట్సాప్ వెతుకులాటలో ఏదీ దొరకదు, వాయిస్ మెసేజ్‌లైతే అసలే దొరకవు. కానీ యూట్యూబ్‌లో మైకు నొక్కి ‘బత్తాయి మంగు’ అని అడగడం మా అమ్మకు కూడా వచ్చు. వీడియో కింద మొదటి కామెంటులో షీట్ లింకు పిన్ చేస్తాం, వీడియోను దిద్దలేం కదా.

షీట్‌ను నెలకోసారి కంప్యూటర్లోకి దించుకో. గూగుల్ పెద్ద కంపెనీయే గానీ, ఆర్కుట్‌ను 2014లో, గూగుల్ ప్లస్‌ను 2019లో మూసింది కూడా ఆ పెద్ద కంపెనీయే. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబర్‌లో పోయింది. అందులో ఏళ్ళ తరబడి పోగేసుకున్న ముచ్చట్లు పోగొట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. సభ్యుల పట్టిక కూడా అలాగే నీ దగ్గర ఉండాలి: పేరు, ఊరు, ఎకరాలు, నంబరు, అడిగి, ఒప్పుకుంటేనే. మందులషాపులవాళ్ళు ఆ పట్టికను డబ్బులిచ్చి అడుగుతారు. ఇవ్వకు.

నంబర్ల ముచ్చట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నిడమనూరు వైపు ఒకామె, తోట పనంతా ఆమే చూసుకుంటుంది, గ్రూపులో డ్రిప్పు గురించి ఒక మంచి ప్రశ్న అడిగింది. ఆ రాత్రి పదిన్నరకు ఇద్దరు ఫోన్ చేశారట, డ్రిప్పు గురించి కాదు. పొద్దున చూస్తే ఆమె గ్రూపులో లేదు. నేను ఆ ఇద్దర్నీ తీసేశా, కానీ ఆమె మళ్ళీ రాలేదు. కమ్యూనిటీ ప్రకటనల గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడవు. చిన్న గ్రూపుల్లో మాత్రం కనబడతాయి. అందుకని ఆడవాళ్ళు గ్రూపు నంబరుకు విడిగా ప్రశ్న పంపితే, పేరు లేకుండా మేమే పెడతాం, జవాబు మళ్ళీ వాళ్ళకు చేరుస్తాం. పని పెరుగుతుంది, పెరగనీ. ఇప్పుడు మాకు వచ్చే మంచి ప్రశ్నల్లో సగం ఆ దారినే వస్తున్నాయి.

అడ్మిన్లు ముగ్గురు ఉండాలి, మూడు ఊళ్ళవాళ్ళైతే మంచిది. మా పాత గ్రూపుకు ఒక్కడే అడ్మిన్. ఆయన గల్ఫ్ పోయి నంబరు మార్చాడు. పాత నంబరు గ్రూపులో అట్లే ఉంది, తీసే అధికారం ఎవరికీ లేదు, అప్పుల యాప్ లింకులు పెట్టేవాడు రోజూ పెడుతూనే ఉన్నాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. గ్రూపులో ఎవడో పిచ్చి రాతలు రాస్తే అడ్మిన్‌ను జైల్లో వేస్తారన్న టెన్షన్ నీకూ ఉన్నట్టుంది. సభ్యుడు పెట్టిన దానికి, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో నేరం అంటగట్టలేమని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. కానీ తెలిసీ ఊరుకోకు. అలాంటిది కనబడిన గంటలో తీసెయ్యి.

పెంచడం గురించి అడిగావు. కాంటాక్టుల్లో ఉన్నవాళ్ళందర్నీ గుంపుగా చేర్చకు, వాళ్ళు స్పామ్ అని నొక్కితే వాట్సాప్ నీ నంబరునే ఆపేస్తుంది. లింకు క్యూఆర్ కోడ్‌గా ప్రింటు తీసి కాంటా కాడ అంటించు. లారీ నిండేదాకా రైతుకు అక్కడ రెండు గంటలు పనుండదు, చేతిలో ఫోన్ ఉంటుంది. మాకు ఎరువుల షాపుల్లో అంటించిన వాటికన్నా అక్కడివే ఎక్కువ పలికాయి. ఆన్‌లైన్ బృందాల్లో వందకు 90 మంది చూసి ఊరుకుంటారు, 9 మంది అప్పుడప్పుడు మాట్లాడతారు, ఒక్కడు రోజూ మాట్లాడతాడని వెబ్‌సైట్ల వాడకం మీద పనిచేసే జేకబ్ నీల్సన్ 2006లో రాశాడు. మా లెక్కా అటూఇటూగా అదే. సంఖ్య చూసి మురవకు. వారంలో ఎన్ని ప్రశ్నలకు అడ్మిన్ కాని మనిషి జవాబు చెప్పాడో రాసుకో, అది పెరుగుతుంటే గ్రూపు పెరుగుతున్నట్టు.

ఆ లక్షా ఎనభై వేలలో ఆరేడు వేలు మాత్రం ఖర్చు పెట్టు. ఒక సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొని, గ్రూపు కోసమని వేరే సిమ్ వెయ్యి. నీ సొంత నంబరు గ్రూపు నంబరు అయితే నీ పెళ్ళిరోజు కూడా నిన్ను మంగు గురించే అడుగుతారు. ఆ సిమ్‌కు రీఛార్జ్ తేదీ షీట్‌లో మొదటి వరసలోనే రాసిపెట్టు. వాడని సిమ్‌ను కంపెనీవాళ్ళు 90 రోజుల తర్వాత ఆపేసి, ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. మేమొకసారి అట్లనే పోగొట్టుకున్నాం. అది ఇప్పుడు మిర్యాలగూడలో టైలరింగ్ చేసే ఒకామె దగ్గరుంది. ఎవరో ఒకరు ఇంకా ఆమెకు ఆకుల ఫొటోలు పంపుతూనే ఉన్నారు, పాపం ఆమె వాటిని నాకు ఫార్వర్డ్ చేస్తూనే ఉంది.